ఇద్దరు కోడళ్ళ సంతకం

ఆ ఎండాకాలం మొదట్లో నాన్న ప్లాంటులోనే పడిపోయాడు. ఉప్పునీళ్ళ తొట్టి పక్కన నిలబడి ఫిట్టరును చెడామడా తిడుతున్నవాడు, మాట మధ్యలో ఆగి, ఎడమచేయి పట్టుకుని కూలబడ్డాడు. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చేసరికి ఎడమవైపు మొత్తం పడిపోయింది. నోటికి మాత్రం ఏమీ కాలేదు. మంచం మీదికి ఎక్కించగానే ఆయన మొదట అడిగిన మాట, తనని మోసుకొచ్చిన వాళ్ళలో గుమ్మానికి తన తల తగిలించిన వెధవ ఎవరని.

మాది ఐసు ప్లాంటు. ఎండాకాలమే మాకు సీజను. పొడవాటి ఇనుప డబ్బాల్లో మంచినీళ్ళు నింపి, గడ్డకట్టని ఉప్పునీళ్ళ తొట్టిలో దించితే రోజు దాటాక ఒక్కో డబ్బాలో మనిషి నడుం ఎత్తు గడ్డ తయారవుతుంది. తొట్టిని చల్లబరిచే కంప్రెసరు ఆగకూడదు. ఆగితే సగం గడ్డ, సగం నీళ్ళు. చేపలవాళ్ళూ పళ్ళరసాల బళ్ళవాళ్ళూ వచ్చి బూతులు తిడతారు. చదువు అయిన మర్నాటి నుంచీ నేను అక్కడే ఉన్నాను. పెళ్ళి చేసుకోలేదు. ఎవరూ అడగక కాదు, అడిగిన ప్రతిసారీ నాన్నకు ఏదో ఒక ఐసు లోడు అడ్డం వచ్చేది. అన్నయ్యకు టైల్సు షాపు ఉంది. తమ్ముడు ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగి. వాళ్ళిద్దరూ ప్లాంటు గడప తొక్కేది ఇంటికి చుట్టాలొచ్చి చల్లటి నీళ్ళకు ఐసు కావలసినప్పుడే. ఇంట్లో నాకు వాళ్ళు పెట్టిన పేరు ఐసుగడ్డ.

నాన్నతో పని చేయించుకోవడానికి నాకొక కిటుకు ఉండేది. నేను ఏది చెప్పినా ఆయన సరిగ్గా దానికి ఎదురు చేసేవాడు. తొట్టి మోటారు మార్చాలి నాన్నా అంటే అది కాలి కంపు కొట్టేదాకా ముట్టుకోనిచ్చేవాడు కాదు. కొన్నాళ్ళు ఏడ్చాను, తర్వాత తెలివొచ్చింది. ఈ మోటారుకేం, ఇంకో రెండేళ్ళు లాగుతుంది అనేదాన్ని. మర్నాటికల్లా కొత్త మోటారు దిగేది. ఈ సంగతి ఫిట్టరుకు తెలుసు, డ్రైవరుకు తెలుసు, అన్నయ్యకు కూడా తెలుసు. మొదట్లో చాటుగా నవ్వుకునేవాడు. పోను పోను ఆ రోగం అతనికీ అంటుకుంది. నేను అవునంటే కాదనడం ఆ ఇంట్లో మగతనానికి గుర్తయిపోయింది. తమ్ముడు మరీ అంత కాదు. వాడు ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళ పక్కన నిలబడే రకం.

నాన్న మంచం పట్టిన వారానికి అన్నయ్య పవర్ ఆఫ్ అటార్నీ కాగితం పట్టుకొచ్చాడు. నాన్న తరఫున బ్యాంకు పనులూ ప్లాంటు పనులూ అన్నీ తనే సంతకం పెట్టి నడిపించవచ్చట. కనీసం ఈ సీజను అయ్యేదాకా ప్లాంటు వరకైనా మినహాయించమన్నాను. నా నోట్లోంచి ఆ మాట పూర్తిగా బయటికి రాకముందే నాన్న సంతకం పెట్టేశాడు. కిటుకు వాడాల్సిన చోట మర్చిపోయి నేరుగా మాట్లాడాను. అది నా ఖర్మ.

ఆ కాగితం చేతికొచ్చిన నాలుగో రోజే అన్నయ్య ఒక గోడౌన్ల వ్యాపారిని వెంటబెట్టుకుని ప్లాంటుకు వచ్చాడు. వాళ్ళు తొట్టి వైపు గానీ కంప్రెసరు వైపు గానీ చూడలేదు. గోడ నుంచి గోడకు ఎన్ని అడుగులుందో చూశారు. సీజను అయిపోగానే ఇదంతా పడగొడతారని నాకు అర్థమైంది. అడిగితే అన్నయ్య దాచలేదు కూడా. నాన్న పోయాక ప్లాంటు ఎలాగూ తనదేనట, ఈలోగా మాట్లాడి పెట్టుకుంటే తప్పేమిటట. మరి నేనేం చెయ్యాలి అన్నాను.

"ఇంట్లో ఉండు. ఇన్నేళ్ళు చల్లగా ఉన్నావుగా, కాస్త ఎండలో తిరుగు," అన్నాడు.

గోడౌను వ్యాపారి నవ్వాడు. గడ్డలు లాగే ఇనుప కొక్కెం నా చేతిలోనే ఉంది. ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదంటే అది నా మంచితనం.

వీలునామా సంగతి ఎత్తింది కూడా అన్నయ్యే. నాన్న పాత వకీలును ఇంటికి పిలిపించాడు. వకీలు సన్నగా, పొడుగ్గా, ప్రతి మాటనూ మూడు ముక్కలు చేసి చెప్పే మనిషి. మంచం పక్కన కుర్చీ వేసుకుని ఓపిగ్గా మొదలుపెట్టాడు. అమ్మ ఎప్పుడో పోయింది కాబట్టి, ఏమీ రాయకుండా పోతే ఆస్తి ముగ్గురు పిల్లలకూ సమానంగా వస్తుందన్నాడు. వీలునామా రాస్తే నాన్న ఇష్ట ప్రకారం జరుగుతుంది, బతికున్నంతకాలం దాన్ని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఇప్పుడే ఇచ్చెయ్యాలనుకుంటే గిఫ్టు డీడు చెయ్యవచ్చు, కానీ ఒకసారి ఇచ్చాక వెనక్కి అడగడానికి ఉండదు. ఇవన్నీ అమలు జరిగేలా చూడటానికి ఒక మనిషిని నియమించాలి. సాక్షులు ఉండాలి. ఆ సాక్షుల గురించి ఆయన చెబుతున్నప్పుడు నాన్న కిటికీలోంచి ఎదురింటి డాబా మీద ఆరేసిన బట్టలు చూస్తున్నాడు. అన్నయ్య ఫోను చూస్తున్నాడు.

"ప్లాంటు పెద్దాడికి, ఈ ఇల్లు చిన్నాడికి. అమలు జరిపేది పెద్దాడే. రాసుకో," అన్నాడు నాన్న.

వకీలు రాసుకున్నాడు. రాసుకుని నా వైపు చూశాడు.

"మరి అమ్మాయిగారికి?"

"దానికేం కావాలి, ఒంటి మనిషి. మిగిలింది దానికి రాయి. పాత వ్యానుంది, గడ్డలు కోసే రంపాలున్నాయి."

అన్నయ్య ఫోను మీద నుంచి తలెత్తకుండానే నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళ చాకిరీకి తుప్పుపట్టిన రంపాలు. వకీలు మాత్రం నవ్వలేదు. పైన చెప్పినవి పోగా మిగిలినదీ, ఏ కారణంగానైనా వాళ్ళకు చెందకుండా ఆగిపోయినదీ అంతా కూతురికి, అని రాస్తానన్నాడు. ప్రతి వీలునామాలో అలాంటి వాక్యం ఒకటి ఉంచితే ఏ వస్తువూ వీధిన పడదట. నాన్న చెయ్యి ఊపాడు. రాసి పంపిస్తే చాలు, సంతకాలు ఇంట్లో తాము చూసుకుంటామని, మళ్ళీ రానక్కర్లేదని చెప్పేశాడు. వకీలు వస్తే పూటంతా తినేస్తాడని ఆయన బాధ.

వకీలును గేటు దాకా సాగనంపింది నేనే. ఆయన స్కూటరు మీద కూర్చుని, హెల్మెటు పెట్టుకోబోయి ఆగి, సాక్షుల మాట మళ్ళీ చెప్పాడు.

"ఇద్దరు కావాలమ్మా. ఇద్దరూ బయటివాళ్ళయి ఉండాలి. ఆస్తి వచ్చేవాళ్ళు గానీ, వాళ్ళ భార్య గానీ భర్త గానీ సాక్షి సంతకం పెడితే మీ క్రైస్తవ కుటుంబాలకు వర్తించే చట్టం ఒప్పుకోదు. వీలునామా నిలుస్తుంది, వాళ్ళకు రాసింది మాత్రం పోతుంది. లోపల చెప్పాను, ఎవరూ విన్నట్టు లేదు. మీరైనా గుర్తుపెట్టుకోండి."

గుర్తుపెట్టుకున్నాను.

సంతకాలు ఒక ఆదివారం మధ్యాహ్నం జరిగాయి. అన్నయ్య తన తెలివంతా ఉపయోగించి ముందుగా ఒక డాక్టరును తీసుకొచ్చాడు. నాన్న మతి స్థిమితంగానే ఉందని డాక్టరు చేత రాయిస్తే రేపు ఎవరూ, అంటే నేను, కోర్టుకెక్కి మతి లేనప్పుడు రాయించారని అనడానికి ఉండదు. ఆ మాట అతను నా ఎదుటే డాక్టరుకు చెప్పాడు. డాక్టరు నాన్నను ఇవాళ ఏ వారమని అడిగాడు, ఎక్కడున్నారని అడిగాడు, పిల్లలెందరని అడిగాడు.

"ఇద్దరు కొడుకులు, ఒక తలనొప్పి," అన్నాడు నాన్న.

మతి దివ్యంగా ఉందని రాసిచ్చి, ఆస్పత్రిలో పేషెంట్లున్నారని డాక్టరు హడావిడిగా వెళ్ళిపోయాడు. ఆయన్నే ఒక సాక్షిగా ఉంచుకోమని నేను అనబోయేసరికి ఆయన కారు మలుపు తిరిగింది. మంచం చుట్టూ నలుగురు మిగిలారు. అన్నయ్య, వదిన, తమ్ముడు, మరదలు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. నాన్న తన సంతకం తాను పెట్టి, కలం వదిన వైపు చాచాడు.

"రేపు నీకెక్కువ నాకు తక్కువ అని జుట్లు పట్టుకునేది మీరిద్దరే. మీరే సాక్షులు. పెట్టండి. ఇంక జన్మలో నోరెత్తకూడదు," అన్నాడు.

ఆయన దృష్టిలో అది గొప్ప ఎత్తు. కీచులాడుకునే ఇద్దరి చేతా ఒకే కాగితం మీద సంతకం పెట్టించడం ఆయన వ్యాపారంలో ఎప్పుడూ చేసే పనే. లోడు దగ్గర గొడవపడిన చేపలవాళ్ళ చేత కూడా అలాగే పెట్టించేవాడు.

నేను లోపలికి వచ్చాను.

"వదినా, పెట్టకు. మీరిద్దరూ సాక్షి సంతకం పెడితే అన్నయ్యకు రాసిందీ తమ్ముడికి రాసిందీ చెల్లకుండా పోతాయి. వకీలు చెప్పాడు. కాసేపు ఆగండి, ప్లాంటు నుంచి ఫిట్టరునీ డ్రైవరునీ తీసుకొస్తాను."

"నీ మనుషుల్నా?" అన్నాడు అన్నయ్య. "రేపు నువ్వు ఏం చెప్పమంటే అది చెప్పేవాళ్ళనా?"

వకీలుకు ఫోను చేసి అడగమన్నాను. వకీలును గేటు దగ్గర నిలబెట్టి నేను గుసగుసలాడటం తన కళ్ళతో చూశానని, ఆయన్ని కూడా బుట్టలో వేసుకున్నావా అని అన్నాడు. వదిన అప్పటికే సంతకం పెట్టేసింది. తన పేరు కింద గీత కూడా గీసింది. తర్వాత కలం మరదలి చేతికొచ్చింది. ఆ పిల్ల నా ముఖంలోకి చూసింది.

"వదినా, నిజంగానా?"

"నిజంగా."

తమ్ముడు తల దించుకున్నాడు. వాడు నోరు తెరిచి ఉంటే ఆ ఇంటి కథ వేరుగా ఉండేది. నాన్న మంచం మీద నుంచి మెడ ఇటు తిప్పి నన్ను చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. మోటారు మార్చాలన్న ప్రతిసారీ చూసిందే.

"ఇది వద్దందంటే అది చెయ్యాల్సిన పనే. నువ్వు పెట్టమ్మా," అన్నాడు.

మరదలు పెట్టింది. నేను చెప్పులేసుకుని ప్లాంటుకు వెళ్ళిపోయాను. ఆ సాయంత్రం చేపలవాళ్ళకు పెద్ద లోడు ఉంది.

ఎండలు నడినెత్తిన ఉన్న రోజుల్లో, ఒక ఉదయం కాఫీ తాగుతూ తాగుతూ నాన్న పోయాడు. కాఫీలో చక్కెర తక్కువైందని వదినను తిట్టడమే ఆఖరి మాట. నాకు ఏడుపు రాలేదని చెబితే అబద్ధం. ప్లాంటుకెళ్ళి తొట్టి వెనక కూర్చుని ఏడ్చాను. ఇన్నేళ్ళలో ఒక్కసారి, ఒక్క విషయంలో, నువ్వు చెప్పింది కరెక్టే అని ఆయన నోట విని ఉంటే చాలనిపించింది. కంప్రెసరు చప్పుడులో ఎంత గట్టిగా ఏడ్చినా బయటికి వినపడదు. అదొక సుఖం.

పది రోజులు తిరక్కుండానే అన్నయ్య గోడౌను వ్యాపారినీ ఇద్దరు కూలీలనూ తీసుకుని దిగాడు. కంప్రెసరు ఆపమని ఫిట్టరుకు చెప్పాడు. తొట్టి నిండా సగం గట్టిపడిన గడ్డలున్నాయి. ఫిట్టరు నా వైపు చూశాడు. అన్నయ్య జేబులోంచి పవర్ ఆఫ్ అటార్నీ తీసి వాడి ముఖం మీద ఆడించాడు. నేను వకీలుకు ఫోను చేసి అందరికీ వినపడేలా పెట్టాను. ఆ కాగితం ఇచ్చిన మనిషి ప్రాణంతోపాటే దాని ప్రాణమూ పోయిందని, ఇంకా దాన్ని చూపించి పనులు చేయిస్తే లేనిపోని చిక్కుల్లో పడతారని, వీలునామా తీసుకుని అందరూ ఆఫీసుకు రమ్మని ఆయన తాపీగా చెప్పాడు. వ్యాపారి ఆ తాపీతనానికే జడుసుకుని కారెక్కాడు.

వకీలు ఆఫీసు చిన్న గది. అయిదుగురం ఇరుక్కుని కూర్చున్నాం. ఆయన వీలునామా మొదటి పేజీ చదివాడు, తల ఊపాడు. చివరి పేజీకి వచ్చి కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. ఈ ఇద్దరు సాక్షులు ఎవరండీ అని అడిగాడు. వదిన గర్వంగా చెయ్యెత్తింది. మరదలు ఎత్తలేదు. ఆ పిల్ల నా వైపే చూస్తోంది.

తర్వాత ఆయన చెప్పిందంతా నాకు గేటు దగ్గర చెప్పిందే. సాక్షికి ఆ కాగితం వల్ల లాభం ఉంటే ఆ సాక్ష్యాన్ని నమ్మడం కష్టం కాబట్టి చట్టం ఆ లాభాన్ని కత్తిరిస్తుంది. భార్య సాక్షి అయితే భర్త లాభం పోతుంది. వీలునామా మాత్రం చెల్లుతుంది.

"అయితే ప్లాంటూ ఇల్లూ ఎవరికి పోతాయి?" అన్నాడు తమ్ముడు. ఆ మొత్తం వ్యవహారంలో వాడు పైకి అడిగిన మొదటి ప్రశ్న అది.

వకీలు ఆ వాక్యం చదివాడు. ఏ కారణంగానైనా వాళ్ళకు చెందకుండా ఆగిపోయినది అంతా కూతురికి. పాత వ్యానుతో, రంపాలతో సహా.

 ముందుగా తేరుకున్నది వదిన. సంతకం పెట్టినంత మాత్రాన ఆస్తి పోవడం లోకంలో ఎక్కడైనా ఉందా అని గొంతు పెంచింది. అన్నయ్య, అసలు నాన్న మతి స్థిమితంలో లేడని, ఆ వీలునామానే కొట్టేయిస్తానని, కొట్టేస్తే మూడో వంతైనా వస్తుందని లేచాడు. వకీలు దానికి జత చేసిన డాక్టరు కాగితం అతని ముందుకు జరిపాడు. డాక్టరుగారిని తీసుకొచ్చింది మీరేనటగా అన్నాడు. పైగా వీలునామా అమలు జరిపే బాధ్యత కూడా మీదే అని గుర్తుచేశాడు. అంటే ప్లాంటును నా పేర పెట్టించాల్సింది అన్నయ్యే. అక్కర్లేదనుకుంటే తప్పుకోవచ్చు, అప్పుడు కోర్టు ఇంకెవరినైనా పెడుతుంది, ఫలితం మారదు.

నాకు సంతోషం వేసింది. దాచుకోవడం దేనికి? పట్టలేనంత సంతోషం వేసింది. 

అన్నయ్య ఊరుకోలేదు. ఊళ్ళో ఉన్న వకీళ్ళందరి మెట్లూ ఎక్కి దిగాడు. అందరూ అదే మాట చెప్పారు, కొందరు నవ్వాపుకుంటూ చెప్పారు. వదిన వీధిలో వాళ్ళందరికీ నేను మంచం మీదున్న ముసలాయనను మభ్యపెట్టి రాయించుకున్నానని చెప్పింది. ప్లాంటుకు ఐసుకొచ్చేవాళ్ళు ఆ కథలు నాకు తిరిగి చెప్పేవాళ్ళు. గడ్డ చిన్నదిస్తే ఇంకో కథ చెబుతానని బెదిరించేవాళ్ళు కూడా. తమ్ముడు ఒకసారి వచ్చి, అక్కా, పిల్లలతో రోడ్డున పడతాం అని నీళ్ళు నమిలాడు. ఆ రోజు నోరెందుకు రాలేదని అడిగాను.  ఇల్లు గిఫ్టు డీడు చేసి ఇచ్చేస్తానని, కానీ వాడి పేర కాదని, మరదలి పేర చేస్తానని చెప్పాను. ఆ గదిలో నన్ను నిజమా అని అడిగిన మనిషి ఆ పిల్ల ఒక్కతే. వాడు పెళ్ళాం ఇంట్లో ఉండటానికి నామోషీ లేకపోతే నాకేం అభ్యంతరం లేదు. నామోషీ వాడికి ఎప్పుడూ లేదు.

మొదటి మబ్బులు పట్టిన రోజున, సీజను ఆఖర్న, అన్నయ్య ప్లాంటుకు వచ్చాడు. చేతిలో నా పేర ప్లాంటు అప్పగించే కాగితాలున్నాయి. చిక్కిపోయాడు. ఆఫీసు గదిలో బల్లకు అటు కూర్చుని చాలాసేపు తొట్టి వైపు చూశాడు. డబ్బా పైకి లేవడం, నీళ్ళలో ముంచగానే గడ్డ విడివడి చెక్కల మీద జారడం చూశాడు. ఇంతకుముందు అవి ఎప్పుడైనా చూశాడో లేదో నాకు తెలీదు. తనకేమీ ఇవ్వవా అని అడిగాడు. పాత వ్యానూ రంపాలూ ఉన్నాయి, కావాలంటే పట్టుకుపొమ్మన్నాను. అతని ముఖం నల్లబడింది. కాస్త జాలి కలిగింది. కానీ గోడ నుంచి గోడకు అడుగులు లెక్కపెట్టిన రోజు గుర్తొచ్చి ఆ జాలి ఎంతోసేపు నిలవలేదు.

"నువ్వు వద్దంటే మేం చేస్తామని నీకు తెలుసు," అన్నాడు.

"తెలుసు."

"పెట్టండి, పెట్టండి అని ఉంటే నాన్న ఆపేసేవాడు."

"ఆపేసేవాడు."

"నాన్నతో నువ్వెప్పుడూ అలాగే కదా మాట్లాడేదానివి. మోటారు బావుంది, పంపు బావుంది అంటూ. ఆ ఒక్కరోజు ఎందుకు మాట్లాడలేదు?"

ఆ ప్రశ్న నన్ను నేను అంతకుముందే చాలాసార్లు అడుక్కున్నాను. అందుకే జవాబుకు వెతుక్కోవాల్సిన పని పడలేదు.

"ఈ ప్లాంటు నిలవాలని ఇన్నేళ్ళూ నాన్నతో అబద్ధాలే చెప్పాను అన్నయ్యా. దీన్ని నువ్వు పడగొట్టడానికి కూడా నేనే అబద్ధం చెప్పాలా?"

అన్నయ్య కలం తీశాడు. మూత తీసి, సంతకం పెట్టాల్సిన చోటు చూసుకుని, ఆగాడు.

"సాక్షులెవరు?" అన్నాడు.

ఫిట్టరునీ డ్రైవరునీ పిలుస్తానన్నాను. ఈసారి సరేనన్నాడు.